పాట కాడ లేచిన గొంతు

లక్ష్మణ్ రెడ్డి ఇంట్లో ఫోను మోగితే ఎత్తే పని మనోరమది. ఆమె పొయ్యి దగ్గరున్నా, దొడ్లో ఉన్నా సరే, చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకు రావలసిందే. కొడుకు ప్రణయ్ ఫోను పక్కనే కూర్చుని ఉన్నా ఎత్తకూడదు. ఒకసారి ఎత్తాడు. అవతల ఎవరో ప్లాటు బేరానికి చేసిన మనిషి, "అక్కా, పటేల్ లేడా ఇంట్ల?" అని అడిగాడు. ప్రణయ్ మారు మాట్లాడకుండా పెట్టేశాడు. అప్పటినుంచి ఎవరూ పైకి అనకుండానే ఆ ఇంట్లో అదొక కట్టుబాటైపోయింది.

ప్రణయ్‌కి ఇరవై మూడేళ్లు. తండ్రి కంటే బెత్తెడు ఎత్తు, నిండైన మీసం. నోరు తెరిస్తే మాత్రం బళ్లో పద్యం అప్పజెప్పే ఆడపిల్ల గొంతు. తోటి పిల్లల గొంతులన్నీ పదో తరగతిలో బొంగురుపోయి, తర్వాత లావెక్కాయి. ఇతనిది అక్కడే ఆగిపోయింది. పట్నంలో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి లోపమేమీ లేదన్నాడు. ఇంకొకాయన వయసు మీద అదే దిగుతుందన్నాడు. నాయనమ్మ బుచ్చమ్మ పోయేదాకా శొంఠీ మిరియాలూ దంచి పోస్తూనే ఉంది. చివరికి లక్ష్మణ్ రెడ్డికి డాక్టర్లంటేనే విసుగు పుట్టింది. డాక్టరు దగ్గరికి పోయినప్పుడల్లా సంగతి తెలిసినవాళ్లు ఇంకో నలుగురు పెరుగుతున్నారు తప్ప ఒరిగిందేమీ లేదని ఆయన లెక్క.

చదువైపోయాక ప్రణయ్ ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని తండ్రి వెంచర్లకి లేఔట్ బొమ్మలు గీసేవాడు. నోటితో పని లేని ఉద్యోగం. బయటివాళ్లొస్తే "మావోడు మాట తక్కువోడు" అని లక్ష్మణ్ రెడ్డి నవ్వేసేవాడు. వాళ్ల ఊరు అత్వెల్లిలో సంగతి తెలిసినవాళ్లు ఉన్నా, మాజీ సర్పంచి అని ఆయన మీది మర్యాద కొద్దీ ఆ మాట ఊరు దాటించలేదు.

ఆ ఏడు, అంటే రెండువేల అయిదులో, కీసర వైపు భాస్కర్ రెడ్డి కూతురు లిఖితతో సంబంధం కుదరబోయింది. పిల్లను చూడబోయినప్పుడు ప్రణయ్ మెడకి మఫ్లర్ చుట్టి తీసుకెళ్లారు. సల్ల గాలి తగిలి గొంతు పోయిందని లక్ష్మణ్ రెడ్డి చెప్పాడు. వాళ్లు నమ్మారు. పిల్లాడు శాంతంగా ఉన్నాడని ముచ్చటపడ్డారు కూడా. తర్వాత వారానికి భాస్కర్ రెడ్డి ఫోను చేశాడు.

"బావా, పిల్ల ఒక్కసారి అబ్బాయితోని మాట్లాడాల్నంటుంది. ఇప్పటి పోరగాండ్లు గదా."

ఏదో ఒక సాకు చెప్పి లక్ష్మణ్ రెడ్డి రెండుసార్లు తప్పించాడు. మూడోసారి ఏం చెప్పాలా అని పరేషాన్ అవుతున్న రోజుల్లోనే రఘునందన్ గారి పిలుపొచ్చింది.

రఘునందన్ గారిది గోదావరి వైపు. దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, శామీర్‌పేట చెరువుకి అవతల లక్ష్మణ్ రెడ్డి దగ్గరే జాగా కొని ఇల్లు కట్టుకున్నాడు. సంగీతమంటే ప్రాణం. హాలండ్ నుంచి పట్నానికి వచ్చిన అయిదుగురు వాయిద్యగాళ్లని బతిమాలి ఒక సాయంత్రం తన ఇంటి హాల్లో వాయించడానికి ఒప్పించాడు. మూడువందల ఏళ్ల కిందటి, బరోక్ అనే ఐరోపా సంగీతం, ఆ కాలపు పద్ధతిలో చేసిన వాద్యాల మీద. చుట్టుపట్ల పెద్దమనుషులందర్నీ పిలిచాడు. భాస్కర్ రెడ్డినీ పిలిచాడు.

ఆ కార్డు చూడగానే లక్ష్మణ్ రెడ్డి ముఖం విచ్చుకుంది.

"గిదే మంచిగున్నది. పాట కాడ ఎవ్వడు నోరు దెరవడు. పిల్ల జూస్తది, మనోడు జూస్తడు. అయిపోంగనే జల్దీ లేసొద్దాం. ఇగ మాట్లాడలే, మాట్లాడలే అననీకి లేదు."

"ఎన్ని దినాలు దాస్తవయ్యా?" అంది మనోరమ.

"తాళి గట్టేదాక."

మనోరమ పక్కగది వైపు చూసింది. తలుపు అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుక్కి ఆ మాట వినబడే ఉంటుందని ఆమెకి తెలుసు.

* * *

హాలు నిండుగా ఉంది. ముందు వరసలో లక్ష్మణ్ రెడ్డి, పక్కన ప్రణయ్, ఆ పక్కన మనోరమ. నడవకి అవతల భాస్కర్ రెడ్డి, ఆయన భార్య పార్వతీదేవి, మధ్యలో లిఖిత. పిల్ల ఒకటి రెండుసార్లు ఇటు చూసింది. ప్రణయ్ కూడా చూశాడు. పోనీలే, భర్త వేసిన ఎత్తు పారేట్టే ఉందనుకుంది మనోరమ.

ఎదురుగా పొడుగాటి కాళ్ల మీద నిలబెట్టిన భోషాణంలాంటి వాద్యం ఒకటుంది. దాని పేరు హార్ప్సికార్డ్ అనీ, మీట నొక్కితే లోపల పక్షి ఈక ఒకటి లేచి తీగను గిల్లుతుందనీ రఘునందన్ గారు చెప్పాడు. వయొలిన్లకి కట్టినవి మేకపేగుతో పేనిన తీగలు. ఒకామె పెద్ద వీణంత వాద్యాన్ని నేల తగలకుండా మోకాళ్ల మధ్య ఇరికించుకుని పట్టుకుంది. చెరువు మీది చెమ్మకి ఆ తీగలు వదులవుతున్నాయట, శ్రుతి సరిచేసుకోవడానికే చాలాసేపు పట్టింది.

"ఇంక షురూ గాలేదా?" అని లక్ష్మణ్ రెడ్డి గొణిగాడు.

మొదలైంది. ఎంత మెల్లగా మొదలైందంటే, ఫ్యాన్ల చప్పుడుకే అది వినబడక, రఘునందన్ గారు లేచి వాటిని ఆపించాల్సి వచ్చింది. మనోరమకి ఆ సంగీతం అర్థం కాలేదు. ఒక వయొలిన్ ఏదో అడిగితే ఇంకోటి జవాబు చెబుతున్నట్టుంది. ఆ మాత్రం పట్టుకుని వింటూ కూర్చుంది. ప్రణయ్ ముందుకు వంగి, వాయించేవాళ్ల చేతుల్నే చూస్తున్నాడు. వాడు అంత హాయిగా నలుగురిలో కూర్చోవడం ఈమధ్య ఆమె చూడలేదు.

రెండో అంశానికి రఘునందన్ గారు మళ్లీ లేచాడు. "ఇప్పుడు పాట. చనిపోయిన కొడుకు దగ్గర నిలబడి ఒక తల్లి ఏడుస్తూ పాడుతుందండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, వినండి."

అప్పటిదాకా గోడవారన కూర్చున్న మనిషి లేచి ముందుకొచ్చాడు. ద్వారబంధమంత మనిషి. ఎర్రటి గడ్డం, దున్నకున్నట్టు మెడ. భాస్కర్ రెడ్డి పక్కకి వంగి, "గీయన పాడితే పెంకులు లేసిపోతయి" అన్నాడు. నలుగురు నవ్వారు.

ఆ మనిషి నోరు తెరిచాడు.

ఆడగొంతు వచ్చింది. సన్నగా, తేటగా, ఎత్తుగా వచ్చింది. మనోరమ ముందు వయొలిన్ పట్టుకున్నామె వైపు చూసింది. ఆమె పెదవులు కదలడం లేదు. మోకాళ్ల మధ్య వాద్యం పట్టుకున్నామె వైపు చూసింది. ఆమె నోరూ మూసే ఉంది. అప్పుడు గడ్డం వైపు చూసింది. ఆ గడ్డంలోంచే వస్తోంది. ఆ సంగతి కన్ను ఒప్పుకున్నా చెవి ఒప్పుకోలేదు. తన ఇంట్లో, తలుపులు వేసుకుని, తను రోజూ వినే గొంతు అది. వెలుగులో, అందరి ముందూ, తల పైకెత్తి పాడుతోంది.

ఎవరో కిసుక్కుమన్నారు. వెనక వరసలో ఇంకొకరు. ఇంతలో హాలంతా దద్దరిల్లేలా ఒక నవ్వు లేచింది. మనోరమ తల తిప్పి చూసింది. నవ్వుతున్నది తన భర్త. తొడ మీద చరుచుకుంటూ, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు.

"ఆడిదా మొగోడా బావా ఈడు?" అని నడవ అవతలికి కేకేశాడు. "గింత గడ్డం బెట్టుకొని!"

ఆ మాటతో అప్పటిదాకా నవ్వు ఆపుకున్నవాళ్లు కూడా వదిలేశారు. హాలు సగం నవ్వింది. భాస్కర్ రెడ్డి ముందర కొడుకు మీదికి అనుమానం రాకుండా ముందే నవ్వేశాడా, లేక నిజంగానే నవ్వొచ్చి నవ్వాడా? ఆ సంగతి ఆమెకి ఆనాడూ తెలియలేదు, తర్వాత అడగనూ లేదు. పాడుతున్న మనిషి మాత్రం పాట ఆపలేదు. ఇలాంటి నవ్వులు చాలా చూసినవాడిలా కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు.

ప్రణయ్ లేచి నిలబడ్డాడు.

బయటికి వెళ్లిపోతాడనుకుని మనోరమ వాడి చొక్కా అంచు పట్టుకుంది. వాడు వెళ్లలేదు. జనం వైపు తిరిగాడు.

"నవ్వకుండ్రి!" అన్నాడు.

పాడుతున్న గొంతూ, ఆ గొంతూ ఒకే ఎత్తులో గాల్లో తగులుకున్నాయి. పాట ఆగిపోయింది. హార్ప్సికార్డ్ ఒక్కటే తెలియక రెండు స్వరాలు ముందుకు పోయి ఆగింది. నవ్వుతున్న నోళ్లు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి.

"ఆయన పాడుతుండు. ఇననీకి వచ్చినోళ్లు ఇనుండ్రి. నవ్వేటోళ్లు బయటికి పోండ్రి." తర్వాత తండ్రి వైపు తిరిగాడు. "నాయినా, నువ్వు గూడ."

అని కూర్చున్నాడు.

లక్ష్మణ్ రెడ్డి ముఖం పాలిపోయింది. ఊరి పంచాయితీల్లో ఎన్ని మాటలైనా పడి నిలబడ్డ మనిషి, చెంప మీద కొట్టినట్టు కళ్లార్పుతూ ఉండిపోయాడు. పాటగాడు ప్రణయ్‌ని కాసేపు చూసి, కొంచెంగా తల వంచి, పాట మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వినలేదు కూడా. హాలంతా ముందు వరసకేసే చూస్తోంది.

పార్వతీదేవి లేచి నడవ దాటి వచ్చింది. మనోరమ చెవి దగ్గరికి వంగింది.

"గిదేనా ఒదినె, సల్ల గాలి తగిలిన గొంతు?"

భాస్కర్ రెడ్డి కుటుంబం పాట మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. వెళ్తున్నప్పుడు లిఖిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు. లక్ష్మణ్ రెడ్డి వాళ్ల వెనకే "బావా, బావా" అంటూ పోయాడు.

* * *

అంతా అయ్యాక జనం వరండాలో బజ్జీలు తింటూ గుసగుసలాడుతున్నారు. మనోరమ వాళ్ల కళ్లలో పడకుండా లోపలికి వెళ్లింది. ప్రణయ్ హార్ప్సికార్డ్ పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. ఎదురుగా ఆ ఎర్రగడ్డం మనిషి, పక్కన రఘునందన్ గారు. ప్రణయ్ ఇంగ్లీషులో ఏదో అడుగుతున్నాడు.

"మీకూ చిన్నప్పటినుంచి ఇంతేనా, జనం నవ్వేవాళ్లా అని అడుగుతున్నాడమ్మా మీవాడు" అన్నాడు రఘునందన్ గారు మెల్లగా.

ఎర్రగడ్డం మనిషి జవాబు చెప్పాడు. ఆ గొంతు విని మనోరమ ఒక అడుగు వెనక్కి వేసింది. బావిలోంచి వచ్చినట్టుంది, అంత లోతు. అది ఇంకెవరిదో కాదు, ఆయన మామూలుగా మాట్లాడే గొంతే.

ప్రణయ్ ముఖంలో అప్పటిదాకా ఉన్న వెలుగు ఒక్కసారి ఆరిపోయింది.

"జనం నవ్వుతూనే ఉంటారట. కానీ ఆ సన్నగొంతు పాట కోసం సాధన చేసి తెచ్చుకున్నదట. పుట్టుకతో వచ్చిన గొంతు ఇదేనంటున్నాడు" అన్నాడు రఘునందన్ గారు, ఎటు చూడాలో తెలియక టీ కప్పు వైపు చూస్తూ.

తనలాంటి మనిషి లోకంలో ఇంకొకడున్నాడని ఒక్క గంటసేపు నమ్మి, అందరి ముందూ తన గుట్టు తనే విప్పుకున్నాడు ఆ పిల్లాడు. అదీ కాదని తేలింది. ప్రణయ్ ఏదో అనబోయాడు. టీ పొలమారి, వంగిపోయి దగ్గాడు.

ఎర్రగడ్డం మనిషి చటుక్కున తలెత్తాడు. మళ్లీ దగ్గమని సైగ చేశాడు. ప్రణయ్ అర్థంకాక చూశాడు. దగ్గు ఆగక మళ్లీ దగ్గాడు. ఆ మనిషి రఘునందన్ గారితో గబగబా ఏదో చెప్పాడు.

"దగ్గు లావుగా వస్తోంది, దగ్గులో ఉన్న గొంతు మాటలో ఎందుకు లేదు అంటున్నాడు. గొంతును సన్నంగా పట్టి ఉంచడం తను నేర్చుకుని చేసే పని, అదే ఇతను తెలియకుండానే చేస్తున్నాడేమో అంటున్నాడు. గొంతు మీద చెయ్యి వెయ్యచ్చా అని అడుగుతున్నాడమ్మా."

మనోరమ కొడుకు వైపు చూసింది. ప్రణయ్ తలూపాడు.

ఆ మనిషి రెండు వేళ్లతో ప్రణయ్ కంఠమణిని పట్టుకుని మెల్లగా కిందికి ఒత్తి, ఆవలించినట్టు నోరు తెరిచి మూలగమన్నాడు. మొదట గాలి వచ్చింది. తర్వాత ఏదో గరగరలాడింది. ఆ పైన ఒక మోత, బండి ఇంజను అందుకున్నట్టు, నేల అదిరేలా వచ్చింది.

ప్రణయ్ ఆయన చేతిని తోసేసి వెనక్కి గెంతాడు. పాటల కాగితాలు పెట్టిన స్టాండు పడిపోయింది. రెండు చేతులతో గొంతు పట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని తల్లిని చూశాడు.

"అమ్మా!"

మనోరమ గిరుక్కున వెనక్కి తిరిగింది. అది భర్త గొంతు, ఆయనే వెనక వచ్చి నిలబడ్డాడనుకుంది. వెనక ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగింది.

"అమ్మా" అన్నాడు ప్రణయ్ ఇంకోసారి. పదం చివర కొంచెం బొంగురుగా విరిగే ఆ తీరు, ఆ బరువు, అచ్చంగా లక్ష్మణ్ రెడ్డిది. ఇందాక హాలు దద్దరిల్లేలా నవ్విన గొంతు. కొడుకు నోట్లోంచి తండ్రి మాట్లాడుతున్నాడు. ప్రణయ్‌కీ అది తెలిసింది. వాడి ముఖంలో సంతోషం లేదు, తన ఒంట్లో తెలియకుండా ఎవరో కాపురమున్నట్టు బెదురు మాత్రమే ఉంది.

"అయ్యో కొడుకా" అంది మనోరమ. ఎందుకు ఏడుపొచ్చిందో ఆమెకి తెలియలేదు. దగ్గరికి తీసుకోబోయి, చెయ్యి సగంలోనే ఆపేసింది.

అప్పుడే లక్ష్మణ్ రెడ్డి వాకిట్లోంచి లోపలికొచ్చాడు, కొడుకుని నాలుగు తిట్టడానికి. రఘునందన్ గారు జరిగింది చెప్పాడు. "మళ్లన్రా" అన్నాడు లక్ష్మణ్ రెడ్డి, తన చెవుల్ని తనే నమ్మలేనట్టు. ప్రణయ్ అనలేదు. ఎర్రగడ్డం మనిషి వద్దన్నట్టు చెయ్యెత్తి, ఇది కండరాల అలవాటేననీ, మాట నేర్పే డాక్టరు దగ్గర కొన్నాళ్లు సాధన చేస్తే కుదురుకుంటుందనీ, తొందరపెట్టవద్దనీ చెప్పాడు.

"ఎందుకనవ్? నేనిన్న గదా బయట నిలవడి! నా గొంతే, అచ్చం నా గొంతే!" లక్ష్మణ్ రెడ్డి జేబులోంచి సెల్‌ఫోను తీశాడు. "ఇప్పుడే చెప్త భాస్కర్ బావకు."

"వద్దు" అన్నాడు ప్రణయ్, పాత గొంతుతోనే.

* * *

పట్నంలో మాట నేర్పే ఆమె దగ్గరికి ప్రణయ్ ఒక్కడే మేడ్చల్ నుంచి బస్సెక్కి పోయొచ్చేవాడు. తల్లినీ రానివ్వలేదు, తండ్రినీ రానివ్వలేదు. ఎండలు ముదిరేనాటికి కొత్త గొంతు కుదురుకుంది. ఈ ఇన్నేళ్లూ ఏ డాక్టరూ గొంతు మీద చెయ్యి వేసి చూడలేదా అని ఆమె అడిగిందట. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు లక్ష్మణ్ రెడ్డి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. తర్వాత కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు.

భాస్కర్ రెడ్డి కబురు పంపాడు. గొంతు బాగైందని విన్నాం, పిల్లాడితో ఒక్కసారి మాట్లాడించండి, జరిగిందేదో జరిగిపోయింది అని. లక్ష్మణ్ రెడ్డి ఫోను కలిపి, కొడుకు చేతికిచ్చి, "మాట్లాడు బిడ్డా, నోరారంగ మాట్లాడు" అన్నాడు. మనోరమ వంటింటి గుమ్మంలో నిలబడింది.

ప్రణయ్ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. పలికింది మాత్రం పాత గొంతుతోనే.

"నేను ప్రణయ్‌ని మాట్లాడుతున్న మామా. ఆ దినం మీరిన్నది నా గొంతే. గింతే ఉంటది."

అవతల ఏదో చిన్న చప్పుడు, ఆపైన ఫోను కట్టయిన మోత. లక్ష్మణ్ రెడ్డి కొడుకుని నోరు తెరుచుకుని చూశాడు. కొట్టడానికి లేచాడనే అనుకుంది మనోరమ. ఆయన లేవలేదు.

"ఎందుకట్ల జేసినవ్ రా?"

ప్రణయ్ ఫోను బల్ల మీద పెట్టాడు. జవాబు కొత్త గొంతుతో చెప్పాడు.

"గా గొంతుతోనే గదా నాయినా ఇన్నేండ్లు బతికిన. అది ఇనంగనే లేసిపోయినోళ్లు నాకెందుకు?" తండ్రి కళ్లలోకి చూశాడు. "నువ్వు గూడ నవ్వినవ్."

తన గొంతుతోనే తనకి ఆ మాట వినబడటం లక్ష్మణ్ రెడ్డికి ఎలా ఉందో మనోరమకి ఆయన భుజాలు చూస్తే తెలిసింది. ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. వెంచర్ దగ్గరికి కాదు, ఊరి బయట పొలం వైపు, ఆ ఎండలో, తల గుడ్డ కూడా లేకుండా.

ఆ సంబంధం అంతటితో పోయింది. లిఖితకి ఇంకెక్కడో కుదిరిందని విన్నారు. ప్రణయ్ జీడిమెట్లలో ఒక డిజైన్ ఆఫీసులో చేరాడు. రోజూ పదిమందితో మాట్లాడాల్సిన పని. ఇంట్లో తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం తక్కువే. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినబడనట్టు ఊరుకుంటారు. కానీ ఫోను మోగితే మాత్రం లక్ష్మణ్ రెడ్డి కదలకుండా కూర్చుంటాడు, కొడుకు ఎత్తేదాకా.

మనోరమకి ఇప్పటికీ అలవాటు కాలేదు. వాకిట్లోంచి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. పిలిచింది మగడో, కొడుకో తేల్చుకోవడానికి చేతిలో పని వదిలేసి బయటికొచ్చి చూడాల్సిందే.